మూడు ఇరవై పప్పు, ఎనభయ్యో నంబరు నూలు



మాది వేటపాలెం. చీరాల దాటి ఒంగోలు వైపు పోయే పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి ఊరి పేరు చూడకముందే ఊరు తెలిసిపోతుంది. ఓ పక్క కాలుతున్న జీడిగింజల వాసన, ఇంకో పక్క మగ్గాల చప్పుడు. ఈ రెండూ మా ఊరికి తిండి పెడుతున్నాయి. మూడోది కూడా ఒకటుంది, దాని పేరు సారస్వత నికేతనం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ గ్రంథాలయంలో నాకు దొరికిన సాయంత్రాల గురించి.

ముప్పయ్యారేళ్లు బ్యాంకులో పనిచేశాను. రిటైరైన నెలలోనే అమ్మను చూసుకోవడానికి ఊరికి వచ్చేశాను. సాయంత్రం నాలుగింటికి అమ్మకి కాఫీ ఇచ్చి, పక్కింటి ఆవిణ్ణి కాసేపు తోడుండమని చెప్పి గ్రంథాలయానికి నడిచేదాన్ని. పాత 'భారతి' సంచికలు మొదటినుంచీ వరసగా చదవాలని నా కోరిక. 1924 జనవరిలో మొదలైన పత్రిక అది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దాచుకున్న కోరిక. ఎవరూ పలకరించకుండా, ఎవరికీ జవాబు చెప్పే పని లేకుండా ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక పాత సంపుటం ఉంటే చాలనుకున్నాను. ఇన్నేళ్ల తరవాత నేనింకా 1926 దగ్గరే ఉన్నాను. ఎందుకు ముందుకు జరగలేదో చెబుతాను.

ఒకరోజు ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతి నా బల్లకి అవతల వచ్చి నిలబడింది. చేతిలో ఒక దరఖాస్తు కాగితం. "మేడంగారూ, ఇందులో వార్షికాదాయం అంటే నెలదా, ఏడాదిదా?" అని అడిగింది. ఏడాదిది అన్నాను. కాగితం మడిచి వెళ్లబోయి ఆగింది. "మా అమ్మకి రోజుకింతని లెక్కలేదండీ. ఎన్ని కిలోలు వలిస్తే అంత. మరి ఏం రాయాలి?"

అప్పుడు చూశాను ఆ పిల్ల వేళ్లు. గోళ్ల చుట్టూ నల్లటి మరక. జీడిగింజ పెంకులో ఉండే రసం చర్మాన్ని కాలుస్తుంది. గింజలు కొట్టేవాళ్లు చేతులకి నూనో బూడిదో రాసుకున్నా ఆ మరక వదలదు. సెలవు రోజుల్లో అమ్మతో పాటు కూర్చుంటుందని అర్థమైంది. కుర్చీ లాగి కూర్చోమన్నాను. ఆ కుర్చీ ఆ తరవాత ఖాళీగా ఉన్న సాయంత్రం నాకు గుర్తు లేదు.

ఆ కాగితం నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్‌ది. చాలామంది తల్లిదండ్రులకి ఇప్పటికీ తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. 2008లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం ఇది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకి పరీక్ష. మూడున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నెలకు 1000 రూపాయలు, అంటే నాలుగేళ్లలో 48,000. పప్పు వలిచే ఇంట్లో ఆ డబ్బు ఒక ఆడపిల్లని బడిలో నిలబెడుతుంది. పెళ్లి మాట ఎత్తేవాళ్లకి "చదువుకి గవర్నమెంటే ఇస్తోందిగా" అని చెప్పుకోవడానికి ఆ తల్లికి ఒక మాట దొరుకుతుంది.

పరీక్షలో రెండు పేపర్లు. ఒకటి ఆలోచనాశక్తిని చూసేది, రెండోది బడి పాఠాలది. ఒక్కోదానిలో తొంభై ప్రశ్నలు, తొంభై నిమిషాలు. "నాకు నిష్పత్తులు రావండీ, విలోమానుపాతం అసలు రాదు" అంది ఆ పిల్ల. విలోమానుపాతం అనే మాట నోట్లో తిరగడానికే ఒక నిమిషం పట్టింది.

ఏం తోచి అడిగానో తెలియదు. "మీ అమ్మ ఏ నంబరు పప్పు ఏరుతుంది?" అన్నాను.

"మూడు ఇరవై ఏరుతుంది. పెద్దావిడ ఉంది, ఆవిడ రెండు నలభై ఏరుతుంది. అది పెద్ద పప్పు."

"మూడు వందల ఇరవై పెద్ద అంకె కదా. పప్పు చిన్నదెందుకైంది?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "పౌనుకి మూడు వందల ఇరవై తూగాలి కదండీ. ఎక్కువ పప్పులు తూగాలంటే ఒక్కోటి చిన్నగా ఉండాలి."

జీడిపప్పు వ్యాపారంలో ఆ నంబరు అదే. పౌనులో ఎన్ని గుండు పప్పులు తూగుతాయో దాన్నే పేరుగా పిలుస్తారు. పౌనుకి 454 గ్రాములు. మూడు వందల ఇరవైతో భాగిస్తే ఒక్కో పప్పు దాదాపు గ్రాము నలభై రెండు సెంటీగ్రాములు. రెండు వందల నలభైతో భాగిస్తే గ్రాము ఎనభై తొమ్మిది. ఆ సాయంత్రం మేమిద్దరం కాగితం మీద ఇవన్నీ వేసుకున్నాం. చివర్న "నీకు రాదన్న విలోమానుపాతం ఇదే" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కాగితం జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టుకుని, "అమ్మకి చూపిస్తా" అంది.

మర్నాడు ఆమెతో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడు చేనేతవాళ్ల పిల్లాడు. "మా నూలుకీ నంబరుంది మేడంగారూ" అన్నాడు. నిజమే. చిలపకి 840 గజాలు. పౌనుకి ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు కౌంటు. ఎనభయ్యో నంబరు నూలంటే పౌనుకి ఎనభై చిలపలు, 67,200 గజాలు. కిలోమీటర్లలోకి మార్చమన్నాను. అరవై ఒకటి వచ్చింది. పౌను నూలు విప్పుకుంటూ పోతే మన ఊరి నుంచి ఒంగోలు దాటిపోతుందని తెలిసి ఆ ముగ్గురూ గట్టిగా కేక వేశారు. లోపల పత్రికలు చదువుకుంటున్న పెద్దవాళ్లు తలెత్తి చూశారు. కోప్పడతారేమోననుకున్నాను. ఒక పెద్దాయన కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చి, "అరవయ్యో నంబరైతే ఎంతరా?" అని అడిగారు.

నంబరు పెరిగితే పప్పు చిన్నది, నంబరు పెరిగితే నూలు సన్నది. మా ఊళ్లో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పిల్లలు దాన్ని ఇంట్లో వదిలేసి బడికి వెళుతున్నారు, అంతే.

ఇక్కడ కాసేపు ఆ గ్రంథాలయం సంగతి చెప్పాలి.

సారస్వత నికేతనాన్ని 1918లో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు మొదలుపెట్టారు. మొదలైంది హిందూ యువజన సంఘం తరఫున. ఆ 'యువజన' అన్న మాట మీద నా మనసు ఎప్పుడూ ఆగుతుంది. ఇప్పుడు దేశదేశాల పరిశోధకులు పాత పత్రికల కోసం, తాళపత్రాల కోసం వెతుక్కుంటూ వచ్చే చోటది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఇంత చరిత్ర ఉన్నది కాబట్టి దాన్ని మనం పెద్దల చోటుగా, పాతవాటిని దాచిన చోటుగా చూస్తాం. కానీ ఒక చిన్న ఊళ్లో కుర్రవాళ్లు కూడి, చదువుకుందాం, చదివిద్దాం అనుకున్నందువల్ల పుట్టిందది. బెజవాడలో 1914లో ఆంధ్ర దేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరుగుతున్న రోజులవి.

గ్రంథాలయం మొదలైన మూడేళ్లకి, 1921లో, పక్కనున్న చీరాల-పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకున్నారు. పదకొండు నెలలు పందిళ్లలో కాపురం ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అప్పుడు యువకుల్ని చేరదీసి రామదండు నడిపారు. స్కాట్లండులో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివొచ్చిన మనిషి. ఏ కాలేజీలోనో హాయిగా పాఠం చెప్పుకుంటూ ఉండగలిగి కూడా ఈ ఇసక నేలకి వచ్చి నిలబడ్డారు. ముప్పై తొమ్మిదేళ్లకే, 1928లో పోయారు. వేటపాలెం కుర్రవాళ్లు ఆ పందిళ్లు చూసే ఉంటారని నేననుకుంటాను. నడిచిపోయేంత దూరమే కదా.

మళ్లీ గ్రంథాలయాల సంగతికే వస్తే, 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. కృష్ణా కాలవ మీద. పుస్తకం కోసం మనిషి రాకపోతే మనిషి దగ్గరికే పుస్తకం వెళ్లాలి అన్నది ఆయన పట్టుదల. పడవ ఆగిన రేవుల్లో ఎంతమంది పిల్లలు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుని చదివారో అని ఆలోచిస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రేడియోలో మాట్లాడుతూ ఇంకో ఇద్దరిని తలచుకోకపోతే తప్పు. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మా తరం వాళ్లకి ఇంటి పెద్దల తరవాత అంత దగ్గరగా మాట్లాడిన గొంతులు అవే. పిల్లల్ని మైకు ముందుకి తెచ్చి, నువ్వు చెప్పు నాన్నా, మేం వింటాం అన్నారు. చెప్పడం కన్నా ముందు వినాలి అన్నది నేను వాళ్ల దగ్గర విన్నాను. నేర్చుకున్నది మాత్రం అరవై దాటాక, ఒక పిల్లాడి దగ్గర.

ఆ పిల్లాడి సంగతి చెబుతాను. నూలుకీ నంబరుందన్నాడే, వాడి అన్న. పదో తరగతి. లెక్కల్లో చురుకు. వీణ్ణి ఎలాగైనా పైకి తీసుకురావాలని మనసులో పెట్టుకున్నాను. నూజివీడు ట్రిపుల్ ఐటీ, తరవాత ఉద్యోగం, ఏ హైదరాబాదో బెంగళూరో. వాడి దారి అంతా నేనే వేసేశాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తరవాత మూడు వారాలు వాడు రాలేదు. వచ్చిన రోజున అందరి ముందూ మందలించాను. పబ్లిక్ పరీక్షలు మార్చిలో పెట్టుకుని ఇంత నిర్లక్ష్యమా అన్నాను. వాడు తలొంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

వాడి తమ్ముడే నాకు చెప్పాడు, వాకిట్లోకి వచ్చి చిన్న గొంతుతో. "గుంటలో నీళ్లొచ్చినయ్ పెద్దమ్మా. అన్న, నాన్న తోడుతున్నారు."

మాది గుంట మగ్గం ఊరు. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. వాన గట్టిగా పడితే ఊట పైకొచ్చి ఆ గుంట నిండుతుంది. నీళ్లు తోడినా తడి ఆరడానికి రోజులు పడుతుంది. ఆరిందాకా మగ్గం ఆడదు, మజూరీ రాదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నేను ఇది మరిచిపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్లాడు, వాళ్లమ్మ కొత్త పడుగు అతుకుతున్నారు. ఆ పని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో, కానీ కూర్చుని చూసింది ఆ రోజే. పాత పడుగు అయిపోయాక నేత గుడ్డని కోసేస్తారు కానీ, పన్నెలో ఉన్న పోగుల కొసల్ని తీయరు. అలాగే ఉంచుతారు. వేళ్లకి బూడిద రాసుకుని, కొత్త పోగుని పాత పోగు కొసకి ఒక్కొక్కటే పురి పెట్టి అతుకుతారు. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. "పాతవి తీసేస్తే మళ్లీ మొదటినుంచి పన్నెలోకి ఎక్కించాలి పెద్దమ్మా. అందుకని కొస ఉంచుతాం" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. చేతులు ఆగలేదు. నేను వాడికి క్షమాపణ చెప్పాను. "అదేం లేదండీ" అని సిగ్గుపడ్డాడు. వాళ్లమ్మ లేచి మజ్జిగ తెచ్చింది.

పదో తరగతి బాగానే పాసయ్యాడు. ట్రిపుల్ ఐటీ సీటు రాలేదు. పాలిటెక్నిక్ కౌన్సెలింగు గురించి నేను కాగితాలు సర్దుతుంటే, తను వెంకటగిరి వెళతానన్నాడు. అక్కడ చేనేత సాంకేతిక సంస్థ ఉంది, ప్రగడ కోటయ్యగారి పేరు మీద. చేనేత కార్మికుల కోసం జీవితమంతా పోరాడిన నాయకుడాయన. మా చీరాల నుంచే శాసనసభకు వెళ్లారు. పదో తరగతి తరవాత మూడేళ్ల డిప్లొమా.

వాళ్ల నాన్నకి కోపం వచ్చింది. నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "మగ్గం మీంచి లేపుదామనే కదమ్మా చదివిస్తున్నది. చదివి మళ్లీ మగ్గం దగ్గరికే వస్తానంటాడేంటి? మీరైనా చెప్పండి" అన్నాడు. ఆయన బాధలో నూటికి నూరు పాళ్లు న్యాయం ఉంది. నా మనసులో మాట కూడా అదే. కానీ గుంటలో నీళ్లు తోడిన రోజు గుర్తొచ్చింది. "నాయనా, వాడెందుకు వెళతానంటున్నాడో మనిద్దరిలో ఎవరం అడగలేదు" అన్నాను.

అడిగాం. రంగుల అద్దకం, డిజైన్లు, నూలు పరీక్షలు ఇవన్నీ నేర్చుకుంటానన్నాడు. "మాస్టర్ వీవర్ ఇచ్చిన డిజైనే ఎందుకు నేయాలి? మనం వేసిందే ఎందుకు నేయకూడదు?" అన్నాడు. వాళ్ల నాన్న చాలాసేపు నేల చూసుకుంటూ కూర్చుని, చివరికి "ఫీజెంత?" అన్నాడు.

ఇప్పుడు వాడు వెంకటగిరిలో ఉన్నాడు. నా దారిలో వెళ్లి ఉంటే నాకు ఒక గర్వం మిగిలేది. తన దారిలో వెళ్లాడు, నాకు అంతకన్నా లోతైనదేదో మిగిలింది. దాని పేరు నాకింకా దొరకలేదు.

ఇంకొక సంగతి. ఈ వయసులో పిల్లలకి నేను ఏం ఇవ్వగలనని మొదట్లో భయపడ్డాను. నేను టీచర్ని కాను. జీవితమంతా ఖాతాల్లో పేర్లు, సంతకాలు, ఆధారాలు సరిచూసుకుంటూ గడిపాను. ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా విసుగనిపించిన పని అది. తీరా చూస్తే ఇక్కడ అన్నిటికన్నా అక్కరకొచ్చింది అదే. స్కాలర్‌షిప్ నెగ్గిన పిల్లకి డబ్బు పడదు. ఎందుకు? బడి రికార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఒకచోట 'లక్ష్మి', ఒకచోట 'లక్ష్మీ'. ఖాతాకి ఆధార్ అతకలేదు. ఏడాదికోసారి పోర్టల్లో రెన్యువల్ చేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. పరీక్ష నెగ్గిన పిల్ల దీర్ఘం దగ్గర ఓడిపోతోంది! ఇది నేను సహించలేను. పరీక్షకి ఆరు నెలల ముందే ప్రతి పిల్లకీ నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూస్తాను. తప్పుంటే తల్లిని వెంటబెట్టుకుని మీసేవకి వెళతాను. ఆ క్యూలో నిలబడినంత తృప్తి నాకు బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చున్నప్పుడు కలగలేదు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

అందుకే ఎవరైనా రిటైరై ఊరికి వచ్చి, పిల్లలకి ఒకసారి వచ్చి ప్రసంగం చేస్తాను అంటే నేను అంత సంతోషించను. కలలు కనండి, కష్టపడండి అని చెప్పడానికి చాలామంది ఉన్నారు. పిల్లలు చప్పట్లు కొడతారు, వెళ్లిపోతారు. మీరు రైల్వేలో చేశారా, కరెంటాఫీసులో చేశారా, కొట్టు నడిపారా, మీ పనిలో మీకు చేతికొచ్చిందేదో అది పట్టుకుని వారానికి మూడు సాయంత్రాలు ఒకే చోట కూర్చోండి. మీరు అక్కడ ఉంటారని పిల్లలకి తెలియాలి. మొదటి రెండు నెలలు ఎవరూ రాకపోవచ్చు. తరవాత ఒకరు వస్తారు, ఒక కాగితం పట్టుకుని.

కిందటేడు అమ్మ పోయింది. పదో రోజు దాటాక కూడా నాకు ఇల్లు కదలాలనిపించలేదు. ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. వాకిట్లో ఐదుగురు పిల్లలు. లెక్కల పుస్తకాలు చంకన పెట్టుకున్నారు. పరామర్శ ఎలా చేయాలో వాళ్లకి తెలియదు. ఒకరినొకరు తోసుకుంటున్నారు. చివరికి ఒకడు, "పెద్దమ్మా, మీరు రాకపోతే మేమే వద్దామని" అన్నాడు. ఆ రోజు మా వరండాలో భిన్నాలు చేశాం. అమ్మ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. చెప్పకుండానే దాన్ని వదిలేశారు.

మొన్న మళ్లీ గ్రంథాలయానికి వెళ్లాను. నేను చేరేసరికి బల్ల దగ్గర ఎవరో ఉన్నారు. మొదటిసారి దరఖాస్తు పట్టుకొచ్చిన ఆ పిల్ల. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. స్కాలర్‌షిప్ ఇంకా వస్తోంది. వేళ్ల మీద మరక లేదు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, సంచి ఇంకా భుజానే ఉంది. ఎదురుగా ఏడో తరగతి పిల్ల ఒకతి, కొత్త ముఖం, ఏడవబోయేలా ఉంది. ముందు తెరిచి ఉన్నది నిష్పత్తుల పాఠం.

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

ఆ పెద్దపిల్ల పుస్తకం మూసేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని అడుగుతోంది: "ముందిది చెప్పు. మీ అమ్మ ఏ నంబరు పప్పు ఏరుతుంది?"